ఏటిగట్టున పడ్డ గోనెసంచి ఎవరి లెక్కలోది?

ఒడిశా వైపున్న మా సరిహద్దు ఊళ్లలో పెళ్లంటే చుట్టాలు రెండు రాష్ట్రాల నుంచీ దిగుతారు. పెళ్లికూతురిది ఒడిశా వైపైతే పెళ్లికొడుకుది ఆంధ్రా వైపు. తిని లేచాక మిగిలేది మాత్రం ఒక్కచోటే మిగులుతుంది. అలాంటి ఒక పెళ్లి మర్నాడు పొద్దున్నే, గెడ్డ, అంటే చిన్న వాగు, వచ్చి ఏట్లో కలిసే చోట ఓ గోనెసంచి మూతి ఊడి పడి ఉంది. కుక్కలు అప్పటికే సగం లాగేశాయి. అడ్డాకు విస్తళ్లు, పప్పు అంటిన ప్లాస్టిక్ ప్లేట్లు, నీళ్ల సీసాలు, పసిపిల్లల డైపర్లు రెండు, ఎవరో సుగర్ పేషెంటు వాడి పారేసిన సూది, పగిలిన ట్యూబ్‌లైటు ముక్కలు.

"ఇది మా ఏరియా కాదండీ, గెడ్డ దాటితే పంచాయతీది" అన్నాడు మున్సిపాలిటీ చెత్తబండి కుర్రాడు. "పెళ్లి టౌన్ కల్యాణమండపంలో అయింది కదా, మాకేం సంబంధం?" అన్నాడు పంచాయతీ వార్డు మెంబరు. పక్కన గేదెల్ని కడుగుతున్న పెద్దాయన తల తిప్పకుండానే, "వాన పడనీ బాబూ, ఆంధ్రావోళ్లదైపోద్ది" అన్నాడు.

ముగ్గురిలో ఎవరూ అబద్ధమాడలేదు. చెత్త మీద మన దేశంలో చట్టాలకు కరువు లేదు. ఎత్తే బాధ్యత ఒకరిది, తనిఖీ అధికారం ఇంకొకరిది, డబ్బు మరొకరిది కావడంతోనే వస్తుంది చిక్కు. సరిహద్దు జిల్లాల్లో ఈ మూడింటి మీదుగా రాష్ట్రాల గీత కూడా పోతుంది. కొత్త నియమాలు వచ్చి అందరూ డబ్బాల రంగుల గురించి మాట్లాడుకుంటున్నారు కాబట్టి, ఆ సంచినే పట్టుకుని అసలు ఎవరు ఎవరికి జవాబుదారో చూద్దాం.

సంచి విప్పితే ఎన్ని చట్టాలు

2016 ఏప్రిల్‌లో కేంద్రం తెచ్చిన ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు ఇంటి చెత్తను మూడుగా విడదీయమన్నాయి: తడి చెత్త, పొడి చెత్త, ఇంట్లోంచి వచ్చే ప్రమాదకర చెత్త. వాటి స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నియమాలు దాన్ని నాలుగు చేశాయి. తడి, పొడి అలాగే ఉన్నాయి. డైపర్లు, శానిటరీ ప్యాడ్‌లకు వేరే డబ్బా వచ్చింది. ట్యూబ్‌లైట్లు, పెయింటు డబ్బాలు, గడువు తీరిన మందుల్లాంటివి నాలుగో రకం, అంటే ప్రత్యేక జాగ్రత్తతో చూడాల్సినవి.

మన సంచికొద్దాం. అడ్డాకు విస్తరి తడి చెత్త, తేలిగ్గా కుళ్లి ఎరువైపోతుంది. ప్లాస్టిక్ ప్లేటు పొడి చెత్తే గానీ, దాని కథ వేరే చట్టంలో ఉంది. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. అంటే ఆ ప్లేటు సంచిలోకి కాదు, అసలు పంక్తిలోకే రాకూడదు. 120 మైక్రాన్ల కన్నా పలచని క్యారీ బ్యాగులకు 2022 డిసెంబరు 31 నుంచి అదే మాట. ఈ ప్లాస్టిక్ నియమాలు గ్రామ పంచాయతీకి కూడా నేరుగా బాధ్యత పెట్టాయి. ఘనవ్యర్థాల 2016 నియమాలు అలా కాదు. అవి మున్సిపాలిటీలకు, వాటిని ఆనుకుని పెరిగిన శివార్లకు, సెన్సస్ టౌన్లకు, నోటిఫైడ్ ప్రాంతాలకు వర్తించాయే తప్ప మామూలు పల్లె పంచాయతీలన్నిటికీ కాదు. అందుకే ఇన్నేళ్లుగా ఒకే గెడ్డకు ఇటు ఒక న్యాయం, అటు ఇంకో న్యాయం.

ఇక సూది సంగతి. ఇంట్లో వాడి పారేస్తే 2016 నియమాల్లో అది ఇంటి ప్రమాదకర చెత్త, మున్సిపాలిటీ తీసుకోవాలి. అదే సూది వీధి చివరి క్లినిక్‌లో వాడితే బయోమెడికల్ చెత్త అవుతుంది, దానికి 2016లోనే వచ్చిన వేరే నియమాలున్నాయి. ఆసుపత్రి దాన్ని రంగు సంచుల్లో వేరుచేసి, మామూలుగా 48 గంటలు దాటి నిల్వ ఉంచకుండా శుద్ధి కేంద్రానికి పంపాలి. ఊరి చెత్తబండిలో కలపకూడదు. దాని మీద పెత్తనం మున్సిపాలిటీది కాదు, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిది. గట్టు మీద పడ్డ సూదిని చూసి ఎక్కడిదో ఎవరు చెప్పగలరు? చెత్తబండి కుర్రాడు చెప్పలేడు, చట్టమూ చెప్పలేదు.

పంచాయతీ, ఎన్‌ఏసీ, మున్సిపాలిటీ

రాజ్యాంగానికి 1992లో చేసిన 73, 74 సవరణలు స్థానిక సంస్థలకు పనుల జాబితాలు ఇచ్చాయి. పంచాయతీలది 11వ షెడ్యూలు, 29 అంశాలు. మున్సిపాలిటీలది 12వ షెడ్యూలు, 18 అంశాలు. పట్టణాల జాబితాలో ఆరోది ప్రజారోగ్యం, పారిశుధ్యం, ఘనవ్యర్థాల నిర్వహణ. ఎనిమిదోది పట్టణ అడవుల పెంపకం, పర్యావరణ పరిరక్షణ. చెత్తా చెట్టూ రెండూ ఒకే కౌన్సిల్ ఒళ్లో పెట్టారన్నమాట.

ఇక్కడో మెలిక ఉంది. ఈ అధికారాలను రాష్ట్రం ఇవ్వాలి అని రాజ్యాంగం అనలేదు, ఇవ్వవచ్చు అంది. కాబట్టి అసలు బలం రాష్ట్ర చట్టం నుంచే రావాలి. ఒడిశాలో మున్సిపాలిటీలకు 1950 నాటి చట్టం, బరంపురం లాంటి కార్పొరేషన్లకు 2003 చట్టం, గ్రామ పంచాయతీలకు 1964 చట్టం ఉన్నాయి. వీటికి తోడు ఆంధ్రా వైపు వాళ్లకు అంతగా తెలియని మాట ఒకటుంది, నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్. అందరూ ఎన్‌ఏసీ అంటారు. పల్లె దశ దాటి, ఇంకా పూర్తి పట్టణం కాని ఊళ్లకు ఇచ్చే హోదా అది. గజపతి జిల్లాలో పర్లాకిమిడి మున్సిపాలిటీ, కాశీనగర్ ఎన్‌ఏసీ. పల్లె పంచాయతీ కన్నా ఎన్‌ఏసీకి పారిశుధ్య బాధ్యత ఎక్కువ. సిబ్బంది, రాబడి మాత్రం పెద్ద మున్సిపాలిటీకి ఉన్నంత ఉండవు.

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, అంటే ఆదివాసీల కోసం రాజ్యాంగం కింద ప్రత్యేకంగా గుర్తించిన చోట్ల, ముడి ఇంకా బిగుస్తుంది. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాలు మొత్తంగా షెడ్యూల్డ్ ప్రాంతాలే. గజపతిలో ఆర్.ఉదయగిరి తహశీలు, గుమ్మ, రాయగడ బ్లాకులు అందులోకి వస్తాయి. (ఈ రాయగడ బ్లాకు వేరు, రాయగడ జిల్లా వేరు. తెలియక అర్జీలు అటూ ఇటూ తిరుగుతుంటాయి.) అక్కడి పల్లెలకు, పంచాయతీ వ్యవస్థను ఈ ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పెసా చట్టం ఉంది. చెత్త యార్డు కోసమైనా సరే, అక్కడ భూమి సేకరించేముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలి. పట్టణాల విషయంలో మాత్రం రాజ్యాంగంలోని మున్సిపాలిటీల భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు తనంతట తాను వర్తించదు, పార్లమెంటు విస్తరించాలి. అందుకోసం 2001లో తెచ్చిన బిల్లు చట్టం కాలేదు. రాయగడ, జయపురం మున్సిపాలిటీలు రాష్ట్ర చట్టం మీద నడుస్తున్నాయి, ఎన్నికలూ జరుగుతున్నాయి. మైదానంలోని పర్లాకిమిడికి ఉన్న రాజ్యాంగ దన్ను వాటికి అంతే గట్టిగా ఉందా అన్న ప్రశ్న దగ్గర న్యాయనిపుణులు రెండుగా చీలతారు. స్థానిక పాలన బలపడాలంటే ఆ బిల్లు లాంటిది రావాల్సిందే అనేవాళ్లు కొందరు. పట్టణ హోదాయే ఆదివాసీల భూహక్కులకు ముప్పు, విస్తరించకపోవడమే మేలు అనేవాళ్లు ఇంకొందరు. రెండో వాదనను తేలిగ్గా తీసేయలేం. పల్లె కాస్తా పట్టణమైతే ముందుగా పోయేది గ్రామసభే.

పనిచేసేదెవరు, లెక్క అడిగేదెవరు

పర్యవేక్షణ అనగానే పైనుంచి ఒక ఆఫీసరు చూస్తుంటాడనుకుంటాం. నిజానికి చెత్త మీద కనీసం నలుగురి కళ్లుంటాయి, అవి ఒకేవైపు చూడవు.

చెత్త శుద్ధి కేంద్రం, ల్యాండ్‌ఫిల్ (మిగిలిన చెత్తను పూడ్చే స్థలం) నడపడానికి అనుమతి ఇచ్చేది కాలుష్య నియంత్రణ మండలి. స్థానిక సంస్థలు ఏడాదికోసారి నివేదిక పంపితే, మండలి వాటిని క్రోడీకరించి కేంద్ర మండలికి పంపుతుంది. రెండో కన్ను కలెక్టరుది. శుద్ధి కేంద్రాలకు స్థలం చూపించడం, మూడు నెలలకోసారి స్థానిక సంస్థల పనితీరు సమీక్షించడం 2016 నియమాల్లోనే ఆయన పని. మూడోది ఆడిట్. ఒడిశాలో లోకల్ ఫండ్ ఆడిట్‌కు 1948 నుంచే చట్టముంది. అది చూసేది ఖర్చుకు బిల్లుందా అని, గెడ్డ శుభ్రపడిందా అని కాదు.

నాలుగో కన్ను జనానిది, నా దృష్టిలో చాలామందికి తెలియనిది ఇదే. మూడు లక్షలు, ఆ పైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగమే అంటోంది. 2011 లెక్కల్లో బరంపురం జనాభా మూడున్నర లక్షలు దాటింది, కాబట్టి అక్కడ అడిగే హక్కుంది. పర్లాకిమిడి జనాభా 46 వేల పైచిలుకే, ఆ తప్పనిసరి లేదు. విచిత్రంగా పల్లెకు ఈ విషయంలో పట్టణం కన్నా ఎక్కువ నోరుంది. ఒడిశాలో గ్రామసభకు కింద, ఊరి స్థాయిలో పల్లీసభ ఉంటుంది. చెత్త షెడ్డు ఎక్కడ కట్టాలో అక్కడ లేచి అడగవచ్చు. కౌన్సిల్ మీటింగులో మీరూ నేనూ లేచి అడగలేం.

జరిమానా ఎవరికి తగులుతుంది అన్నది మరో చిక్కు. పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2022లో ఘన, ద్రవ వ్యర్థాలను సరిగా శుద్ధి చేయలేదంటూ మహారాష్ట్రకు 12,000 కోట్లు, తెలంగాణకు 3,800 కోట్లకు పైగా పర్యావరణ పరిహారం విధించింది. మహారాష్ట్ర సరిహద్దులోని సిరొంచ వైపు ఉన్న మన తెలుగువాళ్లకు ఆ రెండూ పక్కపక్క ఒడ్లే. కాలుష్యం చేసినవాడే కట్టాలన్న సూత్రం ప్రకారం ఇది సబబే అని ట్రిబ్యునల్‌ను సమర్థించేవాళ్లంటారు. కొరడా లేకపోతే ఏ రాష్ట్రమూ యార్డు వైపు చూడదని వాళ్ల వాదన. ఎదుటివాళ్ల ప్రశ్న ఇది: ప్రభుత్వం కట్టే డబ్బు పన్ను కట్టినవాడిదేగా, చెత్త మధ్య బతుకుతున్నవాడి చేతే మళ్లీ కట్టించినట్టు కాదా? ఆ డబ్బును వేరే ఖాతాలో పెట్టి చెత్త, మురుగు పనులకే ఖర్చుచేయాలని ట్రిబ్యునల్ అనడం ఈ ప్రశ్నకు సగం జవాబు.

వ్యక్తుల విషయంలో లెక్క సూటిగానే ఉంది. బహిరంగంగా చెత్త తగలబెడితే 5,000, పెద్దమొత్తంలో తగలబెడితే 25,000 రూపాయలు కట్టించాలని అదే ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఆదేశించింది. మా వీధిలో చలికాలం ప్రతి సాయంత్రం ఎవరో ఒకరు కాగితాలు, కవర్లు పోగేసి అంటించి చలి కాచుకుంటారు. ఇన్నేళ్లలో అక్కడ చలానా రాయడం నేను చూడలేదు.

కాగితం మీద కొంచెం లెక్క

46 వేల మంది ఉన్న పట్టణం తీసుకుందాం. చిన్న పట్టణాల్లో మనిషికి రోజుకు పావుకిలో చెత్త అనుకుంటే, మొత్తం 11,500 కిలోలు, అంటే పదకొండున్నర టన్నులు. అందులో సగం తడి చెత్త అనుకుంటే ఐదున్నర టన్నుల పైచిలుకు. ఇది విడిగా వస్తే ఎరువు, కలిసి వస్తే కంపు. డైపరు పగిలి పప్పులో కలిసిన సంచిని చేత్తో విడదీయడం ఎవరికైనా ఎంత నరకమో చెప్పక్కర్లేదు. ఇంటి గడప దగ్గరే విడదీయమని చట్టం అంతగా పట్టుబట్టేది ఇందుకే.

ఇప్పుడు ఖర్చు. ఆ పట్టణంలో పదివేల ఇళ్లుండి, ఇంటికి నెలకు 30 రూపాయలు యూజర్ ఫీజు పెడితే, అందరూ కడితే, ఏడాదికి 36 లక్షలు. సగంమందే కడితే 18 లక్షలు. బండ్ల డీజిలు, మరమ్మతులు, కూలీ మొత్తం అందులోంచి రావు. మిగతాది ఆర్థిక సంఘం గ్రాంటు నుంచి రావాలి. 15వ ఆర్థిక సంఘం పల్లె గ్రాంటుల్లో 60 శాతాన్ని తాగునీరు, పారిశుధ్యాలకే కట్టేసింది. ఇంకో పనికి వాడకుండా తాళం వేసినట్టు.

పల్లె లెక్క ఇంకా సన్నం. స్వచ్ఛభారత్ గ్రామీణ్ రెండో దశలో, ఐదువేల లోపు జనాభా ఉన్న ఊరికి ఘనవ్యర్థాల కోసం మనిషికి 60 రూపాయల దాకా అని పెట్టారు. రెండువేల మంది ఊరికి 1,20,000 రూపాయలు. ఏటా కాదు, ఏర్పాట్లకు ఒక్కసారి. దాంతో షెడ్డో, తొక్కుడు బండో వస్తాయి. ఆ బండి తొక్కే మనిషికి పదో నెల జీతం ఎక్కడిదన్నదే ప్రతి సర్పంచ్ టెన్షన్. రంగు వెలిసి తాళం వేసిన చెత్త షెడ్లు ఎక్కడైనా కనిపిస్తే, తిట్టే ముందు ఈ లెక్క వేసి చూడండి.

ఫీజు వసూలు చేయాలా వద్దా అన్నది సరిహద్దులో మరీ ఎక్కువగా వినపడే వాదన. 2016 నియమాలు యూజర్ ఫీజు పెట్టుకోమనే అన్నాయి. ఏరు దాటితే ఆంధ్రప్రదేశ్‌లో 2021లో మొదలైన పట్టణ చెత్త పన్నును జనం తిట్టుకున్నారు, ప్రభుత్వం మారాక 2024 చివర రద్దుచేశారు. "మా బావగారు కట్టడం మానేశారు, మేమెందుకు కట్టాలి?" అని ఇటు వాళ్లంటారు. కట్టినవాడే బండి రాకపోతే నిలదీస్తాడు, ఫీజు అంటే అడిగే హక్కు కొనుక్కోవడమే అన్నది ఫీజు పక్షం. ఒక్క గదిలో ఉండే కూలీకీ, మూడంతస్తుల మేడకీ ఒకే రేటు న్యాయమా అన్నది అవతలి పక్షం. నాకు రెండో ప్రశ్న సబబుగానే తోస్తుంది. దానికి జవాబు రద్దు కాదు, రేట్లలో తేడా పెట్టడం. రోజుకు వంద కిలోలు దాటి చెత్త చేసే కల్యాణమండపాల్లాంటి వాటిని 2016 నుంచే నియమాలు వేరుగా గుర్తించాయి. మన సంచి బిల్లు నిజానికి అక్కడికి వెళ్లాలి.

ఒడిశా పద్ధతి: వార్డు దగ్గరే ఎరువు

ఒడిశా పట్టణాలు ఎంచుకున్న దారి కొంచెం వేరు. ఊరంతటికీ ఒక పెద్ద గుట్ట పెట్టకుండా, వార్డులకు దగ్గర్లోనే చిన్న చిన్న ఎరువు కేంద్రాలు కట్టారు. వాటిని ఎంసీసీలంటారు. పొడి చెత్తను ఏరి కట్టలు కట్టే షెడ్లు ఎంఆర్‌ఎఫ్‌లు. నడిపేది ఎక్కువచోట్ల మహిళా సంఘాలు. ఇంటింటికీ తిరిగి విడదీయమని చెప్పి, ఫీజు రాసుకునే ఆడవాళ్లు స్వచ్ఛసాథీలు. అక్కడ తయారైన ఎరువును 'మో ఖతొ' పేరుతో అమ్ముతారు. ఒడియాలో 'నా ఎరువు' అని.

దీని మేలు కంటికి కనిపిస్తుంది. లారీ దూరం తగ్గుతుంది, గుట్ట పెరగదు, సంఘంలోని ఆడవాళ్లకు చేతిలో నాలుగు డబ్బులు పడతాయి. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. చిన్న కేంద్రం అంటే ఇళ్ల మధ్యే కేంద్రం, ఒక్క వారం పని ఆగితే వాసన వీధిలోకే వస్తుంది. ఎరువు అమ్ముడుపోకపోతే బస్తాలు పేరుకుంటాయి. పైగా గ్లవ్స్ వేసుకున్నా వేసుకోకపోయినా కుళ్లిన దాన్ని కలబెట్టేది పేద ఆడవాళ్లేగా, దీన్ని సాధికారత అంటారా అని సూటిగా అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ ప్రశ్నకు నియమావళిలో జవాబు లేదు. పెద్ద ప్లాంటే నయం అనేవాళ్లకు ఎదురయ్యేది స్థలం. ల్యాండ్‌ఫిల్ నదికి 100 మీటర్లు, చెరువుకు 200 మీటర్లు, ఇళ్లకు, హైవేకు, తాగునీటి బావికి 200 మీటర్లు దూరంగా ఉండాలని 2016 నియమాల కొలత. ఇటు కొండ, అటు ఏరు, మధ్యలో వరిమడి ఉన్న ఊళ్లో టేపు పట్టుకుని కొలిస్తే, చివరికి మిగిలేది ఏ సవర పల్లె పక్క బంజరో అవుతుంది. అప్పుడు మళ్లీ గ్రామసభ దగ్గరికి రావాల్సిందే.

ఏరు దాటాక

మహేంద్రగిరి కొండల్లో పుట్టిన మహేంద్రతనయ పర్లాకిమిడి పక్కనుంచి దిగి, శ్రీకాకుళం జిల్లాలో వంశధారలో కలుస్తుంది. కలహండిలో పుట్టిన వంశధార, నాగావళి కూడా ఒడిశా దాటి ఆంధ్రాలోనే సముద్రం చూస్తాయి. వంశధార నీళ్ల పంపకం కోసం రెండు రాష్ట్రాలూ కొట్లాడుకుంటే 2010లో ట్రిబ్యునల్ వచ్చింది, 2017లో తీర్పూ వచ్చింది. ఎన్ని టీఎంసీలు ఎవరివో తేలింది. ఆ నీళ్ల మీద తేలివచ్చే సంచి ఎవరిదో మాత్రం ఏ ట్రిబ్యునల్ ముందుకూ రాలేదు.

చట్టంలో దారి లేకపోలేదు. 1974 నీటి కాలుష్య చట్టం ప్రకారం పొరుగు రాష్ట్రాలు ఒప్పందం చేసుకుని ఉమ్మడి మండలి పెట్టుకోవచ్చు. రెండు రాష్ట్రాల మండళ్ల మధ్య తగువు వస్తే తీర్చే పని కేంద్ర మండలిది. కానీ ఎవరైనా హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే మొదటి ప్రశ్న, ఏ బెంచికి? ఒడిశా కోల్‌కతా బెంచి కిందికి వస్తుంది, ఆంధ్రప్రదేశ్ చెన్నై బెంచి కిందికి. గట్టు మీద పడ్డప్పుడు కోల్‌కతా, కొట్టుకుపోయాక చెన్నై! పెద్ద ఫ్యాక్టరీ కాలుష్యమైతే ఎవరో ఒకరు రైలెక్కి వెళ్తారు. పెళ్లి విస్తళ్ల కోసం ఎవరెళ్తారు? అందువల్ల ఆచరణలో ఇది ఇద్దరు కలెక్టర్ల ఫోన్ల మీద, ఇటు ఎగ్జిక్యూటివ్ ఆఫీసరుకు అటు పంచాయతీ కార్యదర్శికి ఉన్న పరిచయం మీద నడుస్తుంది. పరిచయం ఉన్నవాళ్లు బదిలీ అయితే మళ్లీ మొదటికే.

భాష కూడా అడ్డే. మా వీధికి వచ్చిన డబ్బాల మీద ఒడియాలో 'ఓదా', 'శుఖిలా' అని రాసి ఉంది, తడి, పొడి అని. ఒడియా బడిలో చదివిన పిల్లలకు ఇబ్బంది లేదు. తెలుగు బడిలో ఐదో తరగతి దాకా చదివిన మా పిన్ని ఆకుపచ్చది కూరలకీ, నీలంది కవర్లకీ అని గుర్తుపెట్టుకుంది. ఇప్పుడు డైపర్లకీ, పగిలిన బల్బులకీ ఇంకో రెండు రంగులు వస్తున్నాయంటే, స్వచ్ఛసాథీగా తిరిగే అమ్మాయిని గుమ్మంలోనే నిలబెట్టింది.

"ఏ రంగుది దేనికో నువ్వే చెప్పు అమ్మా, మళ్లీ తప్పు డబ్బాలో వేశానని నామీద రాసుకుంటావు."

ఆ అమ్మాయి ఒడియాలో మొదలుపెట్టి, సగంలో తెలుగులోకి దిగి, డైపరు అన్న మాట దగ్గర ఆగి, చేత్తో పసిపిల్ల నడుము చుట్టూ చుట్టినట్టు చూపించింది.